ఆళ్లగడ్డ మీదుగా అండమాన్

మొన్న బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు పరీక్ష పెట్టి కూర్చుని ఉంటే బల్ల మీద ఫోను వణికింది. విమానం వాళ్ల సందేశం. వేసవి సెలవుల్లో మేము పోవలసిన విమానం వేళ మారిందట. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని చివర్లో ఉంది. ఇంకెవరికైనా ఒళ్లు మండేది. నాకు నవ్వొచ్చింది. పిల్లలు తలలెత్తి చూసేసరికి దాన్ని దగ్గుగా మార్చుకోవలసి వచ్చింది.

ఆ చివరి వాక్యాన్నే ఒకసారి మా పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆమె కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని నా వైపు చూసింది. "చింతిస్తాండారంటనా? యాడ కూసోని చింతిస్తాండారో అడుగు పాపా. పోయి పలకరించొస్తాం" అంది.

పెద్దమ్మ పోయి ఏడాది దాటింది.

ఆమె మా అమ్మకు అక్క. నంద్యాల బజారులో స్టీలు సామాన్ల అంగడి వాళ్లది. బోర్డు మీద పెదనాయన వాళ్ల తాత పేరుంది గానీ, ఊళ్లో అందరూ దాన్ని 'ఆయమ్మ అంగడి' అనేవాళ్లు. గిన్నె ఏదైనా చేతికొస్తే వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. ఆ మోతను బట్టి గిన్నె మంచిదో కాదో చెప్పేది. ఆ అలవాటు గిన్నెలతో ఆగలేదు. గుమ్మడికాయను కొట్టేది, కొత్తింటి తలుపును కొట్టేది, డాక్టరు బల్లను కొట్టేది. నన్ను చూసుకోవడానికొచ్చిన పెళ్లికొడుకు భుజం మీద కూడా ఒక్కటి తట్టి, వంటింట్లోకి వచ్చి, "గట్టోడే. పలుకు బాగుంది. ఒప్పుకో" అని మా అమ్మతో చెప్పింది. ఆయన్నే చేసుకున్నాను. ఇప్పటికైతే సొట్టలేమీ లేవు.

ఎక్కడికైనా ముందుగా పోవడం ఆమెకొక జబ్బు. పెళ్లిళ్లలో షామియానా గుంజలు పాతేవాళ్లకు మంచినీళ్లిచ్చే చుట్టం ఆమె ఒక్కతే. ఒకసారి ఎవరిదో గృహప్రవేశానికి మరీ ముందుగా పోయిందట. రంగులేసేవాళ్లు ఇంకా నిచ్చెన దిగలేదు. ఈమె కింద నిలబడి, "ఆ మూల వదిలేసినావప్పా" అని వేలితో చూపించిందట. "ముందు పోయినోళ్లకు ముద్ద, వెనక పోయినోళ్లకు వాసన" అనేది.

రెండో జబ్బు, చెప్పి పోవడం. కర్నూలుకు కంటి పరీక్షకు పోయి సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణమైనా సరే, వీధిలో ఇంటింటి గడప ముందూ నిలబడి "పోయొస్తా మే" అనాల్సిందే. లోపల ఎవరైనా స్నానం చేస్తుంటే వాళ్లు బయటికి వచ్చేదాకా కదిలేది కాదు.

పెదనాయన తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అంగడి మూలన చిన్న మిషను పెట్టుకుని, కొన్నవాళ్ల గిన్నెల మీద పేర్లు చెక్కుతూ కూర్చునేవాడు. అది రయ్యిమని చేసే చప్పుడే ఆయన మాట. పెళ్లికూతుళ్ల పేర్లు, వాళ్ల అత్తల పేర్లు, గుడికిచ్చే గంగాళాల మీద దాతల పేర్లు చెక్కీ చెక్కీ, సొంతానికి నోరు విప్పాల్సిన అవసరం ఆయనకు తోచినట్టు లేదు.

వాళ్లిద్దరూ కలిసి ఊరు దాటింది లేదు. ఒకరు పెళ్లికి పోతే ఒకరు అంగట్లో. ఒకరు చావుకు పోతే ఒకరు అంగట్లో. తిరుపతికి కూడా విడివిడిగా పోయొచ్చిన దంపతులు వాళ్లు. స్వామికి ఈ ఇద్దరూ మొగుడూ పెళ్లాలని తెలుసో లేదో.

అట్లాంటి ఇంట్లో అండమాన్ మాట ఎలా పుట్టిందంటే, దానికి కారణం ఎదురుగా ఉన్న బట్టల అంగడి ఆమె. ఆమె కాశ్మీరం పోయొచ్చి, నంద్యాల ఎండాకాలమంతా మంచు గురించి చెప్పింది. చెమట తుడుచుకుంటూ చెప్పింది. పెద్దమ్మ అన్నీ విని, ఒకరోజు నన్ను పిలిచి అడిగింది.

"పాపా, మంచు కంటే పెద్దది ఏముంది?"

"సముద్రం పెద్దమ్మా."

"అయితే అది సూద్దాం. ఆయన్ని గూడా తీసకపోదాం. అంగడి వారం దినాలు మూస్తే మునిగిపోదులే."

పెదనాయన మిషను ఆపి తల ఎత్తాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యమో భయమో నాకు తెలియలేదు. మళ్లీ తల దించుకుని చెక్కడం మొదలుపెట్టాడు. అంటే ఒప్పుకున్నట్టే.

నలుగురికి టికెట్లు నేనే ఫోనులో తీశాను. పెద్దమ్మ, పెదనాయన, మా ఆయన, నేను. పెద్దమ్మ నా ఫోను తీసుకుని వేలితో కొట్టి చూసింది.

"టికెట్టు దీంట్లోనే ఉందా?"

"దీంట్లోనే."

"కాగితం లేదా?"

"లేదు పెద్దమ్మా."

"కాగితం లేకుండా బస్సే ఎక్కనియ్యరు. గాల్లోకి ఎట్ల ఎక్కిస్తారే?" అంది. కానీ ఆ సాయంత్రమే పెట్టె సర్దేసింది. ప్రయాణం ఇంకా నెల ఉంది. మంచి చీరలన్నీ పెట్టెలోకి పోవడంతో ఆ నెలంతా పాత చీరలే కట్టుకుంది. పెట్టె పైభాగమంతా కజ్జికాయలు, బొరుగులు, చెనిక్కాయ పొడి. సముద్రంలో తిండి దొరకదని ఆమె నమ్మకం.

మొదటి సందేశం పెట్టె సర్దిన వారానికి వచ్చింది. పొద్దున్నే పోవాల్సిన విమానం మధ్యాహ్నానికి మారింది. పెద్దమ్మ పంచాంగం తీసి చూసి, అది రాహుకాలమని తేల్చింది. "వాళ్లకు చెప్పు, పాపం తెలీదేమో" అంది. నేను చెప్పలేదు గానీ, ఆమె ప్రార్థన ఎవరో విన్నట్టు రెండో సందేశంలో దాన్ని తెల్లవారుజాముకు జరిపారు. ఆమె ఎంత పొంగిపోయిందో! "సూస్తివా, నా మాదిరి మనిషి యాడో ఉన్నాడు ఆ ఆఫీసులో" అని బజారంతా చెప్పుకుంది. మూడో సందేశంలో దాన్ని మర్నాటికి జరిపారు. ఆ మనిషి మీద ఆమెకు అంతటితో గౌరవం పోయింది.

మారినప్పుడల్లా ఆమె ఇంటింటికీ పోయి వేళ సరిదిద్ది వచ్చేది. కొన్నాళ్లకు వాళ్లే ఎదురు అడగడం మొదలుపెట్టారు. "ఇంగా పోలేదా పెద్దమ్మా?" ఆ మాట ఆమెకు చెప్పుదెబ్బలా తగిలేది. అందరికంటే ముందుండే మనిషికి ఊళ్లో మొదటిసారి ఆలస్యమైంది మరి. పైగా ఆ మాట అన్నవాళ్లలో బట్టల అంగడి ఆమె ఉంది.

"నాకు ఆ ఆఫీసోళ్లతో కలుపు. నేను మాట్లాడతా" అంది చివరికి. కలిపి, అందరికీ వినిపించేట్టు పెట్టాను. సన్నాయి పాట వచ్చింది. మధ్యమధ్య ఒక గొంతు 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనది' అంటోంది.

"ముఖ్యమైతే ఎత్తాల గదా తల్లీ" అంది పెద్దమ్మ. గొంతు మళ్లీ అదే అంది. "చెప్పినావులే, ఇన్నాను. ఎత్తు" అంది. ఇట్లా ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి నిజమైన అమ్మాయి పలికింది.

"నిర్వహణ కారణాల వల్ల వేళ మారింది మేడమ్."

"అంటే ఏందమ్మా?"

"అంటే... నిర్వహణకు సంబంధించిన కారణాలు మేడమ్."

పెద్దమ్మ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, మెచ్చుకోలుగా నాతో అంది. "పిల్ల గట్టిదే. మన అంగట్లో సరుకు లేకపోతే 'పైనుంచి రాలే' అంటాం సూడు, ఇదీ అదే. ఆ పైన అనేది యాడుందో మనకూ తెలీదు, అడిగినోళ్లకూ తెలీదు." తర్వాత చెయ్యి తీసి, "బువ్వ తిన్నావామ్మా? తిను పో" అని పెట్టేసింది.

ఎట్టకేలకు ఆ రోజు వచ్చింది. వీధి ఆడవాళ్లంతా కారు చుట్టూ చేరారు. కొబ్బరికాయ కొట్టారు. బట్టల అంగడి ఆమె స్వయంగా హారతి పట్టింది. పెద్దమ్మ ఇంటికొక గవ్వ తెస్తానని అందరికీ మాటిచ్చింది. పెదనాయన అంగడి షట్టరు దించి తాళం వేశాడు, గుంజి చూశాడు. కారు దాకా వచ్చి, వెనక్కి పోయి మళ్లీ గుంజి చూశాడు. మా ఆయన కారు తీశాడు. వీధి మలుపు తిరిగేదాకా పెద్దమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది.

పాణ్యం దాటాక టీకి ఆగాం. గ్లాసులు చేతికి రాకముందే నా ఫోను వణికింది. విమానం రద్దు. కొత్త తేదీ తర్వాత తెలుపుతారట. అసౌకర్యానికి చింతిస్తున్నారట. పెద్దమ్మ పలకరింపు మాట అన్నది అక్కడే. ఆ మాట అన్నాక నవ్వబోయిన ఆమె ముఖం ఉన్నట్టుండి పాలిపోయింది.

"సరే, ఇంటికి పోయి చూద్దాం" అన్నాడు మా ఆయన.

"ఏ ఇంటికి?"

"మన ఇంటికే అత్తా."

"హారతి ఇంగా ఆరిండదు నాయనా. ఏం మొగం పెట్టుకోని పోయేది? 'ఇంగా పోలేదా' అని అడిగినోళ్లు ఇప్పుడు 'అప్పుడే వచ్చినావా' అని అడుగుతారు." గిన్నెల అంగట్లో ఎంత పెద్దవాళ్లతోనైనా గొడవకు దిగే మనిషి, ఒక వీధికి అంత భయపడుతుందని నాకు తెలియదు. "కారు తిప్పు. ఆళ్లగడ్డకు పోదాం. మా ఆడబిడ్డ ఇంట్లో ఉంటాం. విమానం ఎప్పుడొస్తే అప్పుడు ఆడ్నించే పోతాం."

ఆళ్లగడ్డకు పోవాలంటే నంద్యాల మీదుగానే రావాలి. ఊరి బయటి దారి పట్టాం. ఊరు దగ్గరయ్యేసరికి పెద్దమ్మ సీట్లో పక్కకు ఒరిగిపోయి, కొంగు ముఖం మీద కప్పుకుంది.

"నువ్వూ వంగు" అని పెదనాయన చొక్కా గుంజింది.

"నా నడుం వంగదు" అన్నాడాయన. ఆ రోజు ఆయన మొదటి మాట అది. నిటారుగా కూర్చుని, తన ఊరిని బయటినుంచి కొత్త ఊరిలా చూస్తూ వచ్చాడు.

ఆళ్లగడ్డలో పెదనాయన చెల్లెలు గుమ్మంలోనే ఎదురైంది. అత్త నోరు కూడా చిన్నదేం కాదు. "ఏం వదినా, విమానం మా ఇంటి ముందర దిగిందా?" అంది. పెద్దమ్మ పెట్టె దింపించి దాని పక్కనే కూర్చుంది. ఆ రోజంతా చెప్పులు కూడా విప్పలేదు. నేను ఫోను ఎప్పుడు చూసినా "వచ్చిందా?" అని అడిగింది. రాలేదంటే, పెట్టె మీద వేలితో ఒకటి కొట్టింది.

మర్నాడు పొద్దున పెదనాయన కనబడలేదు. వెతికితే, రోడ్డు పక్కన శిల్పుల పాకలో రాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. ఆళ్లగడ్డలో ఆ పాకలు వరుసగా ఉంటాయి. దేవుళ్లు, నందులు, నాయకులు ఒకే దుమ్ములో నిలబడి ఉంటారు. పెదనాయన గిన్నెల మీద పేర్లు చెక్కిన మనిషి గదా, ఉలి దెబ్బ పడుతున్న చోటునే కళ్లార్పకుండా చూస్తున్నాడు. ఆయన్ని పిలుచుకురావడానికి పోయిన పెద్దమ్మ అక్కడే ఆగిపోయింది. ముసుగేసిన ఒక నిలువెత్తు విగ్రహాన్ని చూసి, "ఈ దేవుడు ఏ దేవుడప్పా?" అని అడిగింది.

"దేవుడు కాదు పెద్దమ్మా, లీడరు" అన్నాడు శిల్పి. "ఓపెనింగు వాయిదా పడతానే ఉంది. ఇంగో పెద్దాయన టయిం ఇయ్యల్లంట. రెండు ఎలక్షన్ల కాడ్నించి ఈడ్నే ఉండాడు."

పెద్దమ్మ ఆ ముసుగు వైపు చాలాసేపు చూసింది. "ఈయప్పకు గూడా 'ఇంగా పోలేదా' అని అడిగేటోళ్లు ఉంటారా?" అంది.

పెదనాయన నవ్వాడు. శబ్దం వచ్చేట్టు నవ్వాడు. పెద్దమ్మ ఆయన వైపు తిరిగి, కాసేపటికి తనూ నవ్వింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పింది. పెట్టె తెరిచి మంచి చీర ఒకటి తీసి కట్టుకుంది.

ఆ తర్వాతి రోజు నలుగురం అహోబిలం పోయాం. దిగువ గుళ్లో దర్శనం చేసుకుని మండపంలో కూర్చున్నాం. పెద్దమ్మ కజ్జికాయల మూట విప్పుతుంటే బయట ఒక బస్సు ఆగింది. అందులోంచి దిగుతున్నది మా నంద్యాల భజన మండలి. ముందు మా వీధి ఆడవాళ్లు, వాళ్లకు ముందు బట్టల అంగడి ఆమె.

పెద్దమ్మ మూట వదిలేసి స్తంభం వెనక్కి పోయింది. కొంగు తలమీదుగా లాక్కుంది. నాకూ మా ఆయనకూ ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడు పెదనాయన లేచాడు. ఇన్నేళ్లుగా అంగట్లో వాళ్లెవరినీ పలకరించని మనిషి, వాళ్లకు ఎదురుపోయాడు.

"రాండమ్మా, రాండి. అందరూ వచ్చినారా?" అన్నాడు.

వాళ్లు నోళ్లు తెరిచారు. "పెద్దాయనా! మీరు అండమాన్లో గదా ఉండాల?"

"విమానం రద్దయిపోయింది. మూడు దినాల కాడ్నించి ఆళ్లగడ్డలో ఉన్నాం. నేనూ, ఆమె." 'నేనూ ఆమె' అన్నప్పుడు ఆయన ముఖం కొత్తగా పెళ్లైన కుర్రవాడిలా ఉంది. "ఆయమ్మ ఆ స్తంభం వెనకాల ఉంది. మిమ్మల్ని జూసి సిగ్గుపడతాంది. కజ్జికాయలు తిందురు రాండి."

స్తంభం వెనకనుంచి "ఓరి దేవుడా" అని వినబడింది.

పెద్దమ్మ బయటికి వచ్చింది. ఎవరి ముఖమూ చూడలేదు. ఇక వాళ్ల ఎత్తిపొడుపులే అనుకున్నాను. కానీ వాళ్లలో ఒకామె, తన కొడుకు విమానం ఎట్లా తప్పిందో చెప్పడం మొదలుపెట్టింది. ఇంకొకామె, సామాను దుబాయికి పోయి తాము మాత్రం బెంగుళూరులో దిగిన కథ ఎత్తుకుంది. ఎవరి కష్టం పెద్దదో తేల్చుకోవడానికి పోటీ పడ్డారు. పెద్దమ్మ పరువు ఎవరికీ గుర్తులేదు. ఆమెకు కొంచెం నిరాశే కలిగిందేమో, "నాది మూడుసార్లు మార్చినారు, నాలుగోసారి రద్దు" అని తన లెక్క తనూ గట్టిగా చెప్పింది. బట్టల అంగడి ఆమె కజ్జికాయ నములుతూ నెమ్మదిగా అంది. "కాశ్మీరంలో మేము మంచు సూసింది ఒక్కపూటే మే. మిగతా దినాలన్నీ విమానాశ్రయంలోనే పండుకున్న్యాం. ఎవురికీ చెప్పాకు."

పెద్దమ్మ ఆమె చేతిలో ఇంకో కజ్జికాయ పెట్టింది.

మేము తిరిగి ఆళ్లగడ్డ చేరేసరికి సందేశం వచ్చింది. కొత్త విమానం ఎల్లుండి. కానీ తిరుగు ప్రయాణం తేదీ మాత్రం మారలేదు. అంటే ఆ దీవిలో దిగి, ఒక్క రాత్రి పడుకుని, పొద్దున్నే తిరిగి రావాలి.

"తీసకపోయేది ఎప్పుడో తెలీదంట గానీ, తీసకొచ్చి పారేసేది మాత్రం టయానికేనంట!" అంది పెద్దమ్మ.

"పోదామా, వద్దా?" అడిగాను.

ఆమె నోరు తెరిచేలోపే పెదనాయన అందుకున్నాడు. "పిల్లోళ్లను పోనియ్. మనం ఈడ్నే ఉందాం."

గిన్నె తనంతట తాను మోగితే చూసినట్టు చూసింది పెద్దమ్మ. "అంగడో?"

"మూసిన అంగడి యాడికీ పోదులే."

మేమిద్దరం పోయొచ్చాం. ఆ దీవిని చూశామని చెప్పడానికి నాకు సిగ్గేస్తుంది. విమానాశ్రయాల్లో కూర్చుని కూర్చుని కాళ్లు వాచాయి. సముద్రాన్ని హోటలు కిటికీలోంచి, పళ్లు తోముకుంటూ చూశాం. గవ్వలు విమానాశ్రయం అంగట్లోనే కొన్నాం. తిరుగు విమానం ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. మా ఆయన తలనొప్పితో, నేను జలుబుతో, పెద్దవాళ్లను తీసుకుపోదామని ఆళ్లగడ్డ చేరాం.

వాళ్లు ఇంట్లో లేరు. "పొద్దున్నే జీపు మాట్లాడుకోని అహోబిలం కొండమీదికి పోయినారు" అంది అత్త. "నన్ను రమ్మని ఒక్క మాటన్నా అనలే సూడు."

మధ్యాహ్నం దాటాక జీపు వచ్చి వాకిట్లో ఆగింది. ముందు పెదనాయన దిగాడు. పంచె మోకాళ్లదాకా బురద. ఒక కాలికే చెప్పుంది. వెనక పెద్దమ్మ. జుట్టు రేగిపోయి, బొట్టు చెదిరిపోయి ఉంది. జీపు పట్టీ పట్టుకుని దిగబోతూ, ఆయన కాలి వైపు చూసి మళ్లీ సీట్లోకి కూలబడి నవ్వింది. ఊపిరందక నవ్వింది. అంగట్లో గిరాకీలతో నవ్వే నవ్వు కాదది. నేనెప్పుడూ విననిది. డ్రైవరు కూడా తల తిప్పుకుని నవ్వుతున్నాడు.

"ఏమైంది పెద్దమ్మా?"

చెప్పబోయి మళ్లీ నవ్వింది. పెదనాయన వైపు చెయ్యి చూపించింది. ఆయన "చాల్లే దిగు" అంటూ చెయ్యందించాడు. ఆ చెయ్యి పట్టుకుని దిగి, నవ్వుతూనే లోపలికి పోయింది.

నంద్యాలలో గవ్వలు ఇంటింటికీ నేనే పంచాను. సముద్రం గురించి ఎవరడిగినా పెద్దమ్మ నా వైపు చూపించేది. "ఈ పిల్లను అడగండి. అది పోయొచ్చింది." మరి ఆళ్లగడ్డలో మీరేం చేశారని అడిగితే, "ఏం లే. ఉన్నాం" అనేది. కొండమీద ఏం జరిగిందో నేను ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. కూరలో ఉప్పు తక్కువైన సంగతి కూడా వీధికంతా చెప్పే మనిషి, ఆ ఒక్కటీ చెప్పలేదు. అడిగినప్పుడల్లా పెదవులు బిగించి, చేతిలో ఏ గిన్నె ఉంటే దాన్ని తుడుచుకునేది.

ఆ తర్వాతి చలికాలంలో జ్వరమొచ్చి పెద్దమ్మ పోయింది.

కర్మలన్నీ అయిపోయాక పెదనాయన అంగడి తెరిచిన రోజు నేను తోడుగా పోయి కూర్చున్నాను. ఆయన మిషను ముందు కూర్చుని ఎవరిదో పెళ్లి బిందె మీద పేరు చెక్కుతున్నాడు. ఆగలేక అడిగాను.

"పెదనాయనా, ఆ రోజు కొండమీద ఏం జరిగింది? పెద్దమ్మ ఎందుకు అట్ల నవ్వింది?"

ఆయన మిషను ఆపాడు. బిందె మీది పొడి ఊది, అరచేత్తో తుడిచాడు. ముఖం మీదికి చిన్న నవ్వొచ్చింది. అది పోకుండా ఉండాలన్నట్టు పెదవులు బిగబట్టుకున్నాడు.

"అది మా ఇద్దరిదిలే పాపా" అన్నాడు.

గడప దగ్గర ఎవరో గిరాకీ వచ్చి నిలబడింది. ఆయన లేచి, "రామ్మా. ఏం కావాల?" అంటూ అటు నడిచాడు.